నాలుగో నంబరు ఎవరిది

ఆ ఏడు మిరప బాగానే కాసింది. అద్దంకి రోడ్డు పక్క కల్లంలో కాయలు ఎండబోసి, పొద్దు వాలాక తాలుకాయలు ఏరుకుంటా కూర్చున్నా. మా ఆయన షబ్బీరు పోయి అప్పటికి రెండేళ్లు. పట్టాళంలో ఫిరంగి మీద హవల్దారు. తొంభై తొమ్మిదిలో, ఆ మంచు కొండల్లో, వీళ్ల ఫిరంగి మీదే అవతలోళ్ల గుండు పడింది. పెట్టె తెచ్చిచ్చారు. తెరవొద్దన్నారు. నేనూ తెరవలా.

ఆ జట్టులో మిగిలింది ప్రేమదాసు ఒక్కడే. చెవుల్లోంచి నెత్తురు కారతంటే ముందురోజే ఆస్పత్రికి పంపారంట. మా పక్కూరోడే. చెవులు పూర్తిగా పోయాయి. కల్లానికొచ్చి కాయలు బస్తాల్లోకి తొక్కి పెట్టేవాడు. కూలి ఇస్తే పుచ్చుకునేవాడు కాదు.

ఆ సాయంత్రం మసీదులో మగ్రిబ్ అజా అయిపోయింది. కరెంటు లేదు. బస్తాలో నిలబడి తొక్కేవాడల్లా ఆగిపోయాడు.

"వదినా, అన్న పిలుస్తన్నాడు."

"ఏ అన్నరా?"

నా పెదాలు చూసి చెప్పాడు. "మన షబ్బీరన్న."

"నీకు నేను మొత్తుకున్నా వినపడదు గదా."

"ఇది వినపడతంది. రోజూ ఈ వేళకే. నంబర్లు పిలుస్తన్నాడు."

ఫిరంగి దగ్గర పేర్లుండవంట, నంబర్లే. జట్టు పెద్దోడిది ఒకటో నంబరు, అది మా ఆయనే. ఆయన మిగతా నంబర్లు పిలిస్తే 'రెడీ' అనాలి. అనలేదంటే ఆ మనిషి పడిపోయినట్టే. అప్పుడు పక్కనున్నోడు ఎవడో ఒకడు ఆ నంబరు నాదని అరిచి ఆ పనిలోకి దూరాలి. ఫిరంగి ఆగకూడదు.

"నాది నాలుగు. కుడి పిడికిలి బిగించి గుండు లోపలికి తోసేది నేనే. మిగతా వాళ్లంతా పలుకుతున్నారు వదినా. నా దగ్గరే ఆగిపోతన్నాడు. నోరు నా మాట వినట్లా, దానంతటదే పలకబోతంది. పలికానా... ఇక పోతాను."

వాడి ఇంట్లో ఉయ్యాల్లో పిల్ల ఉంది. ఆరాధన అని పేరు పెట్టారు.

"అయితే నోర్మూసుకుని కూర్చో," అని వాడి తలగుడ్డే విప్పి మూతికి బిగించి కట్టా.

చీకటి పడింది. కాసేపటికి మిరప ఘాటు పోయింది. రోజంతా ముక్కులో ఉండే ఘాటు, చేత్తో తుడిచేసినట్టు పోయింది. దాని బదులు కాలిన ఫిరంగి మందు వాసన. అవతల పత్తి చేలో ఇనుము ఇనుముకి తగిలింది.

"రెండు."

"రెడీ."

"మూడు."

"రెడీ."

నాకూ వినపడింది. ఆ గొంతు నాకు తెలుసు. కూరలో ఉప్పెక్కువైతే పిలిచే గొంతే. రెండేళ్లలో నా కల్లోకి కూడా రాలా. వచ్చి ప్రేమదాసుని పిలుస్తన్నాడు.

"నాలుగు."

వాడు గుడ్డ పీక్కుంటన్నాడు. చేతులు పట్టుకున్నా. నా వల్ల కాలా.

"నాలుగు."

ఈసారి పత్తి చేలో కాదు... కాయల కుప్ప వెనకాల.

గుడ్డ జారింది. వాడి నోరు తెరుచుకుంటంది. కళ్లు మాత్రం వద్దు వద్దు అంటన్నాయి. అరచేత్తో మూశా. పళ్లు దిగాయి.

"నాలుగు..."

భయమేసిందో లేదో గుర్తులేదు. నాకైతే ఇంట్లో ఎదురుచూసేవాళ్లు లేరు.

"నాలుగు నాది," అన్నా. "రెడీ."

నా గొంతు గుర్తుపడతాడనుకున్నా. ఎవరని కూడా అడగలా.

"ఐదు," అన్నాడు.

నేల అదిరింది. కుప్ప మీంచి కాయలు జారాయి. చప్పుడు మాత్రం రాలా.

ప్రేమదాసుకి ఆ పిలుపు మళ్లీ వినపడలేదు. పొగాకు ఆరబెట్టే బేరన్‌లో పనికి కుదిరాడు. పిల్ల ఇప్పుడు బడికి పోతంది.

నాకూ ఏం కాలా. తింటన్నా, పని చేసుకుంటన్నా. కాకపోతే తెల్లారేసరికి కుడిచెయ్యి పిడికిలి బిగుసుకుని ఉంటది. ఎడంచేత్తో ఒక్కో వేలూ విప్పుకోవాలి.

నిన్న మా ఆడబిడ్డ లాల్‌బీ వచ్చి నా పక్కనే మంచం వేసుకుంది. పొద్దున్నే అడిగింది. "రాత్రంతా ఎటు పోయావే? నీ మంచం ఖాళీ."

నాకు తెలిసి నేను మంచం దిగలా.

పిడికిలి విప్పా. అరచేతి నిండా నల్లటి గ్రీజు. వేలు పెట్టి చూసింది లాల్‌బీ.

ఇంకా వెచ్చగానే ఉందంట.