తలుపు మూసి చెప్పిన సారీ

అన్యాయం ఎవరికి జరిగింది? క్రేన్ ఆపరేటర్ రజనీకుమారికి. ఎలా జరిగింది? ఇరవై ఏడుమంది ఎదుట, మైకులో.

చేసినవాడు షిఫ్టు ఇన్‌ఛార్జి ఉదయ్‌కుమార్. సరిగ్గా రెండు రోజుల ముందు వానలో ఆమెతో ఒకే గొడుగు కింద సైకిల్ స్టాండు దాకా నడిచి, ఎడమ భుజమంతా తడుపుకొని, తడవనట్టు నటించిన మహానుభావుడు.

భిలాయిలోని ఆ చిన్న ఫ్యాబ్రికేషన్ కర్మాగారంలో, క్రేన్ ఉక్కుతాడులో తెగిన పోగులు చూసి రజని పని ఆపేసింది. సరుకు రెండు గంటలు ఆలస్యమైంది. పై అధికారి ఉదయ్ మీద అరిచాడు. మర్నాడు పొద్దున షిఫ్టుకు ముందు, అందరూ హెల్మెట్లతో వలయంగా నిలబడే భద్రతా సమావేశంలో, ఉదయ్ మైకు అందుకొని "భయపడేవాళ్లు క్రేన్ ఎక్కకూడదు" అన్నాడు.

ఆ తాడును తర్వాత చప్పుడు చేయకుండా మార్చారు. రజనికి అంటుకున్న 'డర్‌పోక్ మేడమ్' (పిరికి మేడమ్) అనే పేరును మాత్రం ఎవరూ మార్చలేదు.

ఎనిమిది నెలలు గడిచాయి. యాజమాన్యం ఉదయ్‌ను రాయ్‌పూర్ హోటల్లో మూడు రోజుల శిక్షణకు పంపింది. విషయం: మనుషులే కేంద్రంగా నాయకత్వం. అతడు ఒక ఫైలు, ఒక కాఫీ కప్పు, రెండో రోజు మధ్యాహ్నం నేర్పిన చిరునవ్వు వెంటబెట్టుకొని తిరిగి వచ్చాడు. ఎదురైన ప్రతి మనిషి కళ్లలోకి మూడు క్షణాలు చూసి, "మీ మనసులో ఏముంది?" అని అడగసాగాడు.

"ఫ్యాన్ తిరగట్లేదు సాబ్" అన్నాడు వెల్డరు.

"నేను విన్నాను" అన్నాడు ఉదయ్ ఆర్ద్రంగా.

బాగుచేయించాలన్న పాఠం నాలుగో రోజున ఉండేది కాబోలు.

ఆ వరుసలోనే రజనిని తన క్యాబిన్‌కు పిలిచి, తలుపు మూశాడు.

"ఏటి సార్, తలుపెందుకు మూసేరు?"

"సారీ చెప్పడానికి రజని గారూ. ప్రైవసీ ఉండాలి కదా!"

"తిట్టినప్పుడు మైకు పెట్టేరు. అప్పుడెక్కడికెళ్లింది ప్రైవసీ?"

ఉదయ్ చూపు బల్ల మీది ఫైలు వైపు పారిపోయింది. ఎదుటివాళ్ల తప్పును ఒంటరిగా చెప్పాలనీ, మెప్పును అందరిలో చెప్పాలనీ అక్కడ అచ్చువేసి ఉంది. ఆ వాక్యం మీద పసుపు రంగు హైలైటర్ పూసుకున్నది అతడే.

"ఫైలు తలకిందులుగా పట్టుకొని చదివినట్టున్నారు" అంది రజని.

"రజనీ... నిజానికి నేను నిన్ను..."

ఆ మాట కోసమే ఎనిమిది నెలలుగా తడుముకుంటున్న మనసును రజని హెల్మెట్ పట్టీ బిగించినట్టు బిగించింది.

"అది తర్వాత సార్. పహలే నా బాకీ తీర్చండి. ఎంతమందిలో నా పేరు తీసేరో, అంతమందిలో తిరిగి ఇయ్యండి."

మర్నాడు భద్రతా సమావేశంలో ఉదయ్ మైకు పట్టుకున్నాడు. రజని వేలు చూపిస్తూ లెక్కపెట్టింది.

"ఇరవై ఆరు. పోలయ్య బాబాయ్ లేడు."

"ఆయన రిటైరైపోయాడు కదా!"

"విన్న మాట ఇక్కడ వదిలేసి రిటైరయ్యాడా? నన్ను పిరికిదాన్ననుకుంటూనే వాళ్లూరు ఉతై వెళ్లిపోయాడు."

ఆ ఆదివారం ఉదయ్ వానలో స్కూటరు మీద ఉతై వెళ్లాడు. విషయం విని, ముప్పై ఏళ్లు క్రేనుకు బరువులు కట్టిన పోలయ్య నోరు తెరిచాడు.

"సాబులు సారీ సెప్పడం నానెప్పుడూ సూడనేదు బాబూ. టిక్కెట్టు పెట్టినా వొత్తాను."

సోమవారం గేటు దగ్గర, పోలయ్య వచ్చిన కారణం రాసుకోవడానికి గార్డు రిజిస్టరు తెరిచాడు.

"ఆనే కా కారణ్, సాబ్?"

"మాఫీ" అన్నాడు ఉదయ్. క్షమాపణ.

"కిస్‌కీ?" ఎవరిదని గార్డు సందేహం.

"మేరీ" అన్నాడు ఉదయ్, తనవైపే వేలు చూపించుకుంటూ.

గార్డు అతడి కళ్లలోకి మూడు క్షణాలు చూశాడు, ఏ శిక్షణా లేకుండానే.

వలయం నిండింది. ఉదయ్ చేతిలో ఫైలు లేదు, ముఖాన ఆ చిరునవ్వూ లేదు.

"ఆ రోజు భయపడింది రజనీకుమారి కాదు, నేను. పైవాళ్లు అరిచారని భయపడి, నా భయానికి ఆవిడ పేరు పెట్టాను. తాడు తెగబోతోందని ఆవిడకు తెలుసు. ఆ బరువు కింద నిలబడింది పోలయ్య బాబాయ్. ఆవిడ ఆపకపోతే ఇవాళ పిలవడానికి నాకు ఉతైలో ఈ మనిషే ఉండేవాడు కాదు. తప్పు నాది."

పోలయ్య హెల్మెట్ తీసి చేత పట్టుకున్నాడు.

"పనాపినావని నానూ నవ్వినాను గదమ్మా" అన్నాడు.

"పెట్టుకో బాబాయ్, ఇక్కడ హెల్మెట్ తియ్యకూడదు" అంది రజని, హెల్మెట్ అందుకొని తానే ఆయన తలకు పెడుతూ.

వెనక నుంచి వెల్డరు అందుకున్నాడు. "సాబ్, ఫ్యాన్ మాటేటి?"

"మెకానిక్ వచ్చాడు. నీ షెడ్డులోనే ఉన్నాడు."

నవ్వులు సద్దుమణిగాక ఉదయ్ మైకు పక్కనపెట్టి ఆమె దగ్గరికి వచ్చాడు.

"తీరిందా?"

రజని మళ్లీ లెక్కపెట్టింది. తొందరపడలేదు. ఇరవై ఏడు.

"పూర్తిగా తీరింది సార్. ఏదో మాట సగంలో ఆపేసినట్టున్నారు?"

"ఇక్కడా... ఇంతమందిలోనా?"

"వద్దు" అంది రజని, క్యాబిన్ వైపు నడుస్తూ. "ఇప్పుడు తలుపు మూసుకోవచ్చు."