వేటగాడి ఊపిరి

మా టెస్టింగ్ గదికి కిటికీ లేదు. ఉన్న ఒక్క అద్దాల తలుపుకీ నల్ల కాగితం అంటించారు, తెరల మీద వెలుతురు పడకూడదని. మిట్టమధ్యాహ్నం కూడా అక్కడ చీకటే. వేడెక్కిన వైర్ల వాసన, ఎవరో మర్చిపోయిన కాఫీ కప్పు వాసన, ఏసీ హోరు. నా కుర్చీ ఎడమ చెయ్యి వదులు. ఆనుకుంటే చాలు, కిర్రుమంటుంది. ఆ రోజు అందరూ భోజనానికి వెళ్లారు. నేను వెళ్లలేదు. కోపంతోనే కడుపు నిండిపోయింది.

నా పని వీడియో గేముల్లో తప్పులు పట్టడం. తప్పు దొరికితే బగ్ అని నంబరు వేసి రాస్తాను. సరిచేశాక మళ్లీ ఆడి చూసి, మూసేస్తాను. చిన్నప్పటినుంచీ ఇంట్లో చేసిందీ ఇదే పనని, ఇప్పుడు జీతమిస్తున్నారు, అంతే తేడా అని మా అమ్మ అంటుంది.

అప్పుడు మేం చేస్తున్నది ఒక గేమ్ మూడో భాగం. మూడు భాగాల్లోనూ ఒక పాత్ర మొదట కనిపించదు. పాత్రల వరసలో చివరన నల్లటి నీడలా ఉంటుంది, తాళం గుర్తుతో. ఊళ్లో పన్నెండు ఇళ్లు. రాత్రంతా రక్తపిశాచులు వచ్చి తలుపు తట్టి, ‘లోపలికి రావచ్చా?’ అని అడుగుతాయి. పిలిస్తేగానీ రాలేవు. ఒక్క తలుపూ తెరవకుండా తెల్లారేదాకా ఆగితే ఆ తాళం ఊడి వేటగాడు వస్తాడు. అతనికి మాటల్లేవు. ఊపిరి ఒక్కటే. ఆ ఊపిరికే జనం పడి చచ్చేవారు.

ఆ ఊపిరి బాబాయ్‌ది. సొంత బాబాయ్ కాదు. సౌండ్ సెక్షన్‌లో అందరికంటే పెద్దవాడు, ఆఫీసంతా బాబాయ్ అనే పిలిచేది. వేటగాడి అడుగులు ఆయన పాత తోలు చెప్పులవి. ఊపిరి ఆయన ఛాతీది.

మూడో భాగం మొదటిసారి విన్నప్పుడు నేనొక బగ్ రాశాను. నంబరు 418. ‘వేటగాడి ఊపిరిలో పిల్లికూతలు వినిపిస్తున్నాయి. తీసేయాలి.’ రికార్డింగ్‌లో లోపం అనుకున్నాను. మనిషి లోపలి జబ్బేమోనని తట్టనే లేదు.

మేనేజర్ ఆయన్ని సౌండ్ గదిలో కూర్చోబెట్టి పదమూడుసార్లు తీయించాడు. గాలాడని డబ్బా ఆ గది. హోరు రికార్డవుతుందని ఏసీ కూడా ఆపేస్తారు. పదమూడోసారికి ఊపిరి శుభ్రంగా వచ్చింది. నేను విని, 418ని మూసేశాను. తొమ్మిదో రోజున బాబాయ్ పోయాడు.

ఇప్పుడు గేమ్ చివర పడే పేర్లలో ఆయన పేరు తీసేశారు. విడుదలనాటికి ఉద్యోగంలో ఉన్నవాళ్ల పేర్లే వేస్తారట. అదీ మేనేజర్ పెట్టిన రూలు. మూడు భాగాలకి ప్రాణం పోసినవాడికి ఒక్క లైను బరువైపోయింది! ఆ పొద్దున్నే పిన్ని, బాబాయ్ భార్య, ఫోన్ చేసింది.

“ఈసారి కూడా ఆయన పేరు వస్తుంది కదూ తల్లీ? ఒక్కసారి కళ్లారా చూసుకుంటాను. ఇంకేం అడగను.”

వస్తుంది పిన్నీ అనేశాను. నాలుగింటికి ఆ జాబితా ఖరారైపోతుంది. తర్వాత దేవుడు దిగొచ్చినా మార్చరు. మార్చమని మూడు మెయిళ్లు పెట్టాను. మార్చారేమో చూడాలంటే గేమ్ చివరిదాకా ఆడాలి.

పన్నెండు తలుపులూ కాపాడాను. తెల్లారింది. పొగమంచులోంచి వేటగాడు వచ్చాడు.

ఊపిరి లోపలికి... బయటికి... బయటికి వచ్చేటప్పుడు చివర్లో సన్నగా, పిల్లి కూసినట్టు.

మేనేజర్‌ని పిలిచాను. లాప్‌టాప్ చంకలో పెట్టుకుని వచ్చాడు, విన్నాడు, ఫైళ్లన్నీ వెతికాడు. పిల్లికూతలున్న పాతవి ఒక్కటీ లేవు, అన్నీ అప్పుడే చెరిపేశారు.

“ఫైలు శుభ్రంగానే ఉంది. వదిలెయ్.”

“మీకు వినిపిస్తోందా, లేదా?”

“వినిపిస్తే ఏంటి? శుక్రవారం విడుదల.”

“బాబాయ్ పేరన్నా వెయ్యండి సార్. ఒక్క లైను.”

“ఒకళ్లకి వేస్తే అందరూ అడుగుతారు. అయినా నా మీద ఎగురుతావేంటి? బగ్ రాసింది నువ్వు. నేను ఆయనకి చదివి వినిపించానంతే. కింద నీ పేరు చూసి నవ్వాడు కూడా. పిల్లవి పాము చెవులు అన్నాడు.”

అంతసేపూ మేనేజర్ మీదున్న కోపం ఒక్కసారిగా నా మీదికి తిరిగింది. అలాగని వాడి మీద తగ్గలేదు.

అప్పుడు తెర మీద వేటగాడు కదిలాడు. కంట్రోలర్ బల్ల మీదుంది. ఎవరం ముట్టుకోలేదు.

నడిచి వెళ్లి పన్నెండో ఇంటి ముందు ఆగాడు. తలుపు తట్టాడు. వేటగాడు తలుపు తట్టడం మూడు భాగాల్లో ఎక్కడా లేదు. తట్టేది పిశాచులే.

‘లోపలికి రావచ్చా?’

గుసగుస... మాటల్లేని పాత్రది. బాబాయ్ గొంతు.

కింద రెండు మాటలు వెలిగాయి. రండి. వద్దు.

“వద్దు నొక్కు.” మేనేజర్ గొంతు తగ్గిపోయింది. “త్వరగా నొక్కు. పోయినవాడికి తలుపు తీసేదేంటి?”

ఆ మాటకి ఒళ్లు మండిపోయింది. ‘రండి’ నొక్కాను.

తెర నల్లబడింది. ఏసీ ఆగింది. హోరు పోయేసరికి గది ఎంత చిన్నదో తెలిసింది. గాలి లేదు. మా వెనక తలుపు తెరుచుకోలేదు, అయినా ఎవరో లోపలికి వచ్చారు. తోలు చెప్పుల చప్పుడు... ఒకటి... ఇంకొకటి... నా కుర్చీ వెనక ఆగింది. మెడ మీద వెచ్చటి ఊపిరి. చివర్లో సన్నటి కూత.

చాలాసేపు అక్కడే ఉంది. తర్వాత మేనేజర్ వైపు వెళ్లింది.

“ఎవరది?” అన్నాడు. ఆపైన దగ్గు తప్ప మాట రాలేదు.

ఏసీ మళ్లీ మోగింది. తెర మీద పేర్లు పడుతున్నాయి. సౌండ్ కింద మొట్టమొదట బాబాయ్ పేరు, ఇంటిపేరుతో సహా. ఫోటో తీసి పిన్నికి పంపాను. నాలుగింటికి జాబితా అలాగే ఖరారైంది. ఆ లైను ఎవరు చేర్చారో ఎవరికీ తెలియదు.

అయిదింటి మీటింగ్‌లో మేనేజర్ ప్రతి వాక్యం మధ్యలో ఆగాడు. ఆగినప్పుడల్లా అతని ఛాతీలోంచి పిల్లికూతలు. అందరూ తలలు దించుకున్నారు. నాకు జాలి కలగలేదు, నిజం చెప్పాలంటే సంతోషమేసింది.

సీటుకి తిరిగి వచ్చేసరికి బగ్ 418 మళ్లీ తెరిచి ఉంది. కింద పదమూడు కొత్త సౌండ్ ఫైళ్లు, ఆ రోజు తేదీతో. ఒక్కొక్కటే విన్నాను. మొదటి పన్నెండూ మేనేజర్ ఊపిరే, ఒకదాన్ని మించి ఒకటి బరువుగా.

పదమూడోది వేరే మనిషిది. పిల్లికూతలు లేవు. మధ్యమధ్యలో ఏదో కిర్రుమంటోంది. ఎడమ చేతిని కుర్చీ మీంచి మెల్లగా తీసేశాను.

కుర్చీ కిర్రుమంది, ఫైలు లోపలా కిర్రుమంది.

ఫైలు నిడివి చూశాను. అది ఇంకా పెరుగుతూనే ఉంది.