వదిన వేసిన సూది

పెడనలో మాణిక్యమ్మ ఇంట్లో పొద్దున్నే కాఫీలైతే అయ్యాయి గానీ మాటలు లేవు. పెద్దకోడలు ప్రసన్న టీకాలు వేసే నర్సు. చిన్నకోడలు హిమబిందు బందరు కోర్టుకు బయల్దేరుతోంది. ఒకే వంటింట్లో ఒకరికొకరు తగలకుండా తిరగడం ఇద్దరికీ బాగా అలవాటైపోయింది.

నాలుగేళ్ల కిందట కరోనా టీకా వేయించుకున్న కొద్దిరోజులకే హిమబిందు భర్త సతీష్‌కు కాళ్లూ చేతులూ చచ్చుబడ్డాయి. ప్రాణమైతే దక్కింది. కలంకారీ అద్దకంలో పేరున్న మనిషికి ఇప్పుడు రంగులద్దే చెక్క అచ్చు పట్టుకుంటే వేళ్లు నిలవవు. ఇది టీకా వల్లేనని, పరిహారం ఇప్పించమని టీకా కంపెనీ మీద కేసు వేశారు. అతనికి ముందునుంచే నరాల బలహీనత ఉందని కంపెనీ వాదన. ఇంతకీ ఆ టీకా వేసింది ప్రసన్నే. ఇంటి గొడవంతా అక్కడే వచ్చింది.

"టీకా వేసిన రోజున ఆయన ఎలా ఉన్నారో చెప్పే మనిషి కావాలంటున్నారు లాయరు గారు. అక్కని రమ్మనండి అత్తయ్యా," అంది హిమబిందు, ప్రసన్నకు వినబడేలా.

"ఇంటి పెద్దకోడల్ని బోనెక్కిస్తావా? దాని ఉద్యోగం ఊడితే?" మాణిక్యమ్మ గయ్యిమంది.

"నా మొగుడి చేతులు పోయినా పర్లేదు, అక్క ఉద్యోగం మాత్రం ఉండాలి. అంతేగా!"

ప్రసన్న గ్లాసు ఠక్కున గట్టుమీద పెట్టింది.

"ఇన్నేళ్లలో ఆ రోజు ఏం జరిగిందని నన్నొక్కసారైనా అడిగావా బిందూ? నా మొహం చూడటమే మానేశావు. నీ కొడుకు తేజగాడికి టీకాలు కూడా పక్కూరు తీసుకెళ్లి వేయించావు, ఇంట్లో నేనుండగా!" ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంది. "పద. నేనొస్తున్నా."

హిమబిందు గుమ్మంలోనే ఆగి అక్క మొహంలోకి చూసింది. నిజమే, అడగలేదు. కోపంలో ఆ ఆలోచనే రాలేదు.

కోర్టులో కంపెనీ లాయరు వదల్లేదు. "అతనికి అప్పటికే బలహీనత ఉందని మీకు తెలియదా?"

"బలహీనతా!" ప్రసన్నకు నవ్వొచ్చింది. "పొద్దుట్నుంచీ అచ్చు మీద గుద్ది గుద్ది, రంగు చేతుల్తోనే వచ్చాడండీ. కండ రాయిలా ఉంది. సూది దిగట్లేదు సతీషూ, చెయ్యి వదులు చెయ్యవయ్యా అని రెండుసార్లు చెప్పాల్సొచ్చింది. ఇప్పుడు ఆ చెయ్యి పట్టుకుని మెట్లు దింపేది కూడా నేనేనండీ. తేడా నాకు తెలియదా?"

"అంటే టీకాలు చెడ్డవంటారు?"

"అనను. ఎంతోమందికి వేశాను, రేపూ వేస్తాను. ఏ ఒక్కడికో ఇలా అయితే వాణ్ణి గాలికొదిలెయ్యొద్దంటున్నా."

వెనక బెంచీలో మాణిక్యమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

తొలకరికల్లా తీర్పొచ్చింది. పరిహారం ఇవ్వాల్సిందేనన్నారు. సతీష్ బస్సు దిగేసరికి అద్దకం షెడ్లవాళ్లంతా పని ఆపి, రంగు చేతుల్తోనే రోడ్డెక్కి చప్పట్లు కొట్టి, అతన్ని కావలించుకున్నారు. అతని తెల్లచొక్కా మీద ఎన్ని చేతుల అచ్చులు పడ్డాయో!

మర్నాడు ఆసుపత్రిలో టీకాల వరసలో కొడుకుని ఎత్తుకుని నిలబడింది హిమబిందు.

"అక్కా, వీడికి నువ్వే వెయ్యాలి."

ప్రసన్న సూది తీసుకుంది. కళ్లనిండా నీళ్లు, పిల్లాడి చెయ్యి సరిగా కనబడటం లేదు. గుమ్మంలో కర్ర పట్టుకుని నిలబడ్డ సతీష్ అన్నాడు:

"వాడికింకా కండ రాలేదులే వదినా. ఒక్కసారి చెప్తే చాలు."

ముగ్గురూ ఏడుస్తూనే నవ్వారు. తేజగాడు మాత్రం వీధంతా వినబడేలా ఏడ్చాడు.