అరవై మందికీ నయమైంది

“మందు ప్రభావం శూన్యం” అని కంప్యూటర్ మూడోసారి కూడా తేల్చేసింది. డాక్టర్ సుభాషిణి కళ్లజోడు తీసి బల్లమీద పెట్టింది. పంతొమ్మిదేళ్ల పని. కోపం తెచ్చుకునే ఓపిక కూడా ఆమెకి మిగల్లేదు.

అనకాపల్లి శివార్లలోని ఆ పరిశోధనశాలలో ఆమె తయారుచేసింది సోరియాసిస్‌కి ఒక బతికున్న మందు. మన చర్మం మీద కోట్ల బాక్టీరియా కాపురముంటాయి. వాటిలో ఒక సాధు రకాన్ని పట్టి, జన్యువులు మార్చి, లేపనంలో కలిపింది. చర్మం మండి పొలుసులు లేస్తే ఆ బాక్టీరియా మేలుకుని మందు ఊరిస్తుంది. మంట చల్లారగానే నిద్రపోతుంది.

ఇక పరీక్ష పద్ధతంటారా, అది పాతదే. అరవై మంది ఆడవాళ్లని మూడు నెలలు హాస్టల్లో ఉంచారు. ముప్పై మందికి అసలు లేపనం, మిగతా ముప్పై మందికి అదే రంగు, అదే వాసన ఉన్న ఉత్త లేపనం. ఎవరిది ఏదో చివరిదాకా ఎవరికీ తెలియదు. రెండు గుంపులకీ తేడా కనిపిస్తే మందు గెలిచినట్టు.

తేడా కనిపించలేదు. అరవై మందికీ శుభ్రంగా నయమైంది!

“ఉత్త లేపనానికే తగ్గితే ఇక మన మందెందుకు అంటారు మేడమ్,” అన్నాడు లెక్కలు చూసే ఫణీంద్ర. “ప్రాజెక్టు మూసేస్తారు.”

“ఏళ్ల తరబడి ముదిరిన రోగం ఉత్త లేపనానికి తగ్గుతుందా ఫణీ?”

ఆమె కాళ్లీడ్చుకుంటూ హాస్టల్‌కి వెళ్లింది.

మధ్యాహ్నం వేళ. వరండాలో ఆడవాళ్లు రైలుపెట్టెల్లా ఒకరి వెనక ఒకరు కూర్చుని, ముందున్న మనిషి తలకి నూనె రాసి జడ వేస్తున్నారు. ఉత్త లేపనం వచ్చిన నూకాలమ్మ అందరికంటే ముందుంది.

“రోజూ ఇంతేనా నూకాలమ్మా?”

“ఒచ్చిన కాడినుంచీ ఇంతే డాట్రమ్మా. ఇంటికాడ నా తలకి నూనె ఎవులు రాస్తారు? నా దువ్వెన కూడా మా కోడలు ఇరిసి పారేసింది. ఇక్కడ అందరికీ ఒకటే రోగం గదా, ఎవులికీ భయం నేదు.”

సుభాషిణి అక్కడే మెట్టు మీద కూలబడింది. మందు చేతినుంచి తలకి, తలనుంచి చేతికి నడిచిపోయింది. ఎలుకల్ని విడివిడి బోనుల్లో పెట్టి పరీక్షించిన వాళ్లకి ఈ సంగతి ఎలా తెలుస్తుంది? నూకాలమ్మ మోచేతి చర్మం పరీక్షించి చూస్తే అక్కడ హాయిగా నిద్రపోతున్నది తన బాక్టీరియాయే. సంతోషమో దుఃఖమో తెలియక సుభాషిణికి ఏడుపొచ్చింది.

మందుకి అనుమతిచ్చే కమిటీవాళ్లు ఇదంతా మర్యాదగానే విన్నారు. నమ్ముతామన్నారు. అయితే కొత్త రోగులతో, విడివిడి గదుల్లో, ఒకరి చెయ్యి ఒకరికి తగలకుండా మళ్లీ రుజువు చెయ్యమన్నారు.

నెల తిరక్కుండా కొత్తగా అరవై మంది వచ్చారు. షరతుల కాగితం సుభాషిణే చదివి వినిపించాల్సి వచ్చింది. మొదటి మనిషి విజయనగరం నుంచి వచ్చిన పైడితల్లి. చేతులనిండా పొలుసులు, వాటిమీదికి లాక్కున్న కొంగు.

“‘ఈ మూడు నెలలూ నేను ఎవరినీ ముట్టుకోను, ఎవరినీ నన్ను ముట్టుకోనివ్వను.’ ఇదీ షరతు.”

పైడితల్లి నవ్వింది.

“దీనికి సంతకమెందుకమ్మా? పన్నెండేళ్ల బట్టీ నాను ఇలాగే ఉన్నాను గదా.”

సుభాషిణి ఆమె భుజం మీద చెయ్యి వేయబోయి వెనక్కి తీసుకుంది.

“పెట్టమ్మా,” అంటూ పెన్ను బల్లమీద పెట్టి ఆమె వైపు జరిపింది.