పాదరసం బంగారమైన రోజు

2094 నాటికి చంద్రుడి మీద పనిచేసేవాళ్లు జీతం పడగానే నాణేలు కొనుక్కోవడం మామూలైపోయింది. డిజిటల్ డబ్బు విలువ పొద్దున ఒకలా, సాయంత్రం ఒకలా ఉంటున్న కాలమది. శేషఫణి కూడా నెలనెలా బంగారు, వెండి నాణేలు కొనేవాడు. అవి ప్రొద్దుటూరులో ఒక ఖజానాలో ఉండేవి. వాటిని అతనెన్నడూ చేత్తో తాకలేదు. తెర మీద వాటి బొమ్మలు చూసుకుంటూ భోంచేసేవాడు.

అతని స్థావరంలో మరో మనిషి లేడు. ఉన్నదల్లా ధాతుపరివర్తిని, అంటే ఒక లోహాన్ని మరో లోహంగా మార్చే ట్రాన్స్‌మ్యుటేషన్ రియాక్టర్. పాదరసాన్ని వేగమైన న్యూట్రాన్లతో కొడితే దాని పరమాణు కేంద్రకంలోంచి ఒక న్యూట్రాన్ ఊడిపోతుంది. నిలకడ తప్పిన ఆ పరమాణువు కొన్నాళ్లకు బంగారంగా కుదురుకుంటుంది. కాడ్మియంతో అలాగే చేస్తే వెండి వస్తుంది. సిద్ధాంతం పాతదే. చవగ్గా చేయడమే ఎవరికీ చేతకాలేదు. రేడియేషన్ భయంతో ఆ ప్రయోగాన్ని చంద్రుడి మీద పెట్టి, ఫణిని ఒక్కడినే పంపారు.

వారానికోసారి సూళ్లూరుపేట కేంద్రం నుంచి వకుళ మాట్లాడేది. అతని పరికరాల లెక్కలు సరిచూడటం ఆమె ఉద్యోగం. ఆ పని చిటికెలో అయిపోయేది. తర్వాత అక్కడి వానల గురించో, ఆ రోజు వండిన కూర గురించో చాలాసేపు చెప్పేది. ఇటు మాట అటు చేరి జవాబు రావడానికి మూడు క్షణాలు పట్టేది. ఫణి ఆ మూడు క్షణాలూ ఊపిరి బిగబట్టి కూర్చునేవాడు.

ఒకరోజు స్థావరాన్ని నడిపే యంత్రం సహిత పిలిచింది.

"పళ్లెంలో ఉన్నది బంగారమే. ఖర్చు ఇనుముకు అయ్యేంతే."

ఫణి చప్పట్లు కొట్టాడు. ఖాళీ గదిలో ఆ చప్పుడు వింతగా వినిపించి ఆపేశాడు. అప్పుడు గుర్తొచ్చాయి నాణేలు.

"రిపోర్టు పంపనా?" అంది సహిత.

"ఆగు. ముందు నా నాణేలన్నీ అమ్మకానికి పెట్టు."

"కొనేవాళ్లకు ఈ సంగతి తెలియదు కదా."

"తెలిస్తే ఎవరు కొంటారు? ఎవరో ముక్కూ మొహం తెలియనివాళ్లు. ఇన్నేళ్లు నేనిక్కడ..."

మర్నాటికల్లా అన్నీ ఒకేసారి అమ్ముడైపోయాయి. వెంటనే రిపోర్టు పంపితే అనుమానపడతారని వకుళ మాట్లాడే రోజుదాకా ఆగాడు.

"ఫణి గారూ, కోప్పడనంటే ఒకటి చెప్తాను," అంది వకుళ నవ్వుతూ. "మీ నాణేలు కొన్నది నేనే."

ఫణి తెర మీద అమ్మకం రసీదు తెరిచాడు. వకుళ చెప్పుకుపోతోంది.

"అమ్మకం మా కేంద్రం మీదుగానే వెళ్లింది కదా, చూశాను. ఒక్కరే ఉండి ఏం తోచక తొందరపడ్డారనుకున్నా. రేపు మీరు తిరిగొస్తే చేతిలో ఏముంటుంది చెప్పండి? వాటిని కొనడానికి మా ఇల్లు అమ్మేశాను. మీరు వచ్చేదాకా నా దగ్గరే ఉంటాయి. ఇదిగో, ఒకటి చేతిలో పట్టుకునే మాట్లాడుతున్నాను. ఎంత బరువుందో!"

ఫణి నిజం చెప్పేశాడు. మూడు క్షణాలు గడిచాయి. ఆ తర్వాత ఇంకా చాలాసేపు గడిచింది.

"అమ్మకానికి పెట్టేటప్పటికే తెలుసా?"

"తెలుసు. మీరు కొంటారని తెలియదు, వకుళ గారూ. ఒట్టు."

"వేరేవాళ్లయితే?"



అప్పటికప్పుడే డబ్బంతా ఆమెకు తిప్పి పంపాడు. రిపోర్టూ పంపాడు. నెల తిరక్కుండానే భూమ్మీద బంగారంతో తలుపు గడియలు చేయడం మొదలైంది. పత్రికలు ఫణిని ఆకాశానికెత్తాయి. వకుళ డబ్బు తీసుకుంది, అందినట్టు ఒక్క ముక్క రాసింది. ఆమె ఇంట్లో అప్పటికే వేరేవాళ్లు దిగిపోయారు. ఆమె మరో విభాగానికి బదిలీ చేయించుకుంది.

ఒప్పందం ముగిసి నౌక వచ్చింది. ఫణి ఎక్కలేదు.

"కింద మీకోసం సన్మానాలు ఏర్పాటు చేశారు," అంది సహిత. "ఎందుకు వెళ్లరు?"

"అక్కడ నేనెలాంటివాడినో తెలిసిన మనిషి ఒకరున్నారు," అన్నాడు ఫణి.