గడియారాల షాపు ఫోను

నాలుగు లక్షల ఫోన్లకు గాలిలోనే అప్‌డేట్ పంపించి, తీగ లేదు, మనిషి వెళ్లనక్కర్లేదు అని ఆ కుర్ర ఇంజనీరు తెగ మురిసిపోయాడు. వారం తిరిగేసరికి ఫోన్లన్నీ బుద్ధిగా కొత్త సాఫ్ట్‌వేర్ వేసుకున్నాయి. ఒక్కటి తప్ప.

మాట వినని ఫోన్లకు కాల్ చేసి బతిమాలడం కూడా మొబైల్ కంపెనీలో అతని ఉద్యోగమే. చేశాడు.

"మా నాన్నగారు ఫోన్ ఎత్తరండీ. కంటికి భూతద్దం, చేతిలో పట్టకారు. గడియారాల షాపు. ఏం కావాలి?" అంది అవతల ఓ అమ్మాయి గొంతు.

"మీ ఫోన్ అప్‌డేట్ అవడం లేదండీ."

"నడుస్తున్నదాని మూత తీయకూడదు. నలభై ఏళ్లుగా మా ఇంట్లో అదే వేదవాక్కు."

"ఇది గడియారం కాదండీ!"

"టైం చూపిస్తుందిగా?"

నాలుగేళ్ల ఇంజనీరింగ్‌లో దీనికి జవాబు నేర్పలేదు. మంగళవారం పదింటికి మళ్లీ చేస్తానన్నాడు.

ఆ మంగళవారం చార్జింగ్ లేదంది. పై మంగళవారం మెమరీ నిండిందంది. ఫొటోలు తీసెయ్యమన్నాడు. "ఏవి తియ్యను, అప్‌డేట్ గారూ?" అంటూ ఒక్కో ఫొటో వర్ణించింది. గంటంబావు పట్టింది. ఒక్కటీ తీయలేదు. మూడో వారం సాకులు అయిపోయాయి కాబట్టి వానొచ్చింది.

"వానకీ దీనికీ సంబంధం లేదండీ."

"ఆఫీసులో కూర్చుని ఎన్నైనా చెబుతారు. మా రేకుల మీద చప్పుడు వినండి."

విన్నాడు. ఇద్దరూ కలిసి వాన విన్నారు, కంపెనీ ఫోన్లో.

అసలు సంగతి అతని కంప్యూటర్‌లో ఉంది. ఏ ఫోన్ ఎందుకు ఆగిందో అది నిమిషాలతో సహా చెబుతుంది. ప్రతి మంగళవారం అప్‌డేట్ తొంభై తొమ్మిది శాతం దిగేది. సరిగ్గా తొమ్మిది యాభై ఐదుకు ఎవరో క్యాన్సిల్ నొక్కేవారు. పదింటికి ఇతని కాల్.

అది చూసి అతను రెండు నిమిషాలు నిజాయితీగా ఆలోచించి, రిపోర్టులో "సిగ్నల్ లోపం" అని రాశాడు. ఆ ఒక్క మాటకు టవర్ వాళ్లు రెండుసార్లు పైకెక్కి, శుభ్రంగా ఉన్న ఏంటెన్నా విప్పి, బిగించి దిగారు. ప్రేమకు ఎవరో ఒకరు కష్టపడాలి కదా!

ఎనిమిదో వారం మేనేజర్ పిలిచాడు. "శుక్రవారంతో పాత వెర్షన్ మూసేస్తున్నాం. ఆ ఫోన్‌ని వదిలెయ్. ఇక కాల్ చెయ్యకు."

"ఇంకొక్క వారం సార్..."

"ఒక్క ఫోన్ కోసమా? అదేమన్నా నీ అత్తారిల్లా?"

చివరిసారి కాల్ చేసి ఆమెకు చెప్పాడు. అవతల నవ్వు లేదు.

"అయితే మంగళవారాలు మీకు ఖాళీ అన్నమాట," అని పెట్టేసింది.

శుక్రవారం లీవు పెట్టాడు. అన్నీ గాలిలో పంపేవాడు అడ్రసు అడుక్కుంటూ నడిచి వెళ్లాడు. షాపు గోడ నిండా గడియారాలు, తలో టైం చూపిస్తున్నాయి.

"ఫోన్... అప్‌డేట్..." అన్నాడు.

ఆ గొంతుకు కౌంటర్ వెనక ఆమె చటుక్కున లేచింది. "మీరా!"

పెద్దాయన తలెత్తకుండానే చెయ్యి చాపి, అతని వాచీ తీసుకుని చెవి దగ్గర పెట్టుకున్నారు. "దివ్యంగా నడుస్తోంది. మరి దేనికొచ్చావు బాబూ?"

"మీ అమ్మాయితో మాట్లాడకుండా మంగళవారం ఎలా గడపాలో తెలియక వచ్చానండీ."

పెద్దాయన ఫోన్ అందుకుని ఇన్‌స్టాల్ నొక్కారు.

"నాన్నా! నడుస్తున్నదాని మూత..."

"మంగళవారం మంగళవారం నువ్వు ఆపేస్తుంటే ఇది నడిచిందెక్కడ? నాకు భూతద్దం ఒక కంటికే తల్లీ," అని స్టూలు చూపించారు. "ఇరవై నిమిషాలు ఇది పనిచెయ్యదట. ఫోన్ లేకుండా మాట్లాడుకోవడం వచ్చేమో చూడండి."

కూర్చున్నారు.

"నేను ఆపుతున్నానని మీకెప్పుడు తెలిసింది?" అంది మెల్లగా.

"మూడో వారం."

"మరి చెప్పలేదేం?"

"టవర్ రిపేర్లో ఉందిగా!"

ఆమె నవ్వు ఈసారి ఏ టవరూ ఎక్కకుండానే చేరింది.

ఇరవై నిమిషాలు నలభై అయ్యాయి. ఫోన్ ఎప్పుడో వెలిగింది. పెద్దాయన దాన్ని అటూ ఇటూ తిప్పారు.

"ఇంత గొడవ చేసి, ఏం మారిందయ్యా ఇందులో?"

"పైకేమీ కనబడదు మామయ్యగారూ," అనేసి నాలిక్కరుచుకున్నాడు.

పెద్దాయన భూతద్దం మళ్లీ కంటికి పెట్టుకుని వాచీ మీదకు వంగారు.

"ఊఁ. కనబడుతూనే ఉంది."