ఆరోగ్యమ్మ పక్కన బొమ్మ

పని చెయ్యడం లేదని చిన్నారి విదిలించిన రిమోట్ చేతిలోంచి జారి, వాకిట్లో చెప్పులు విడుస్తున్న శరత్ మోచేతికి తగిలింది.

“పిలిచింది రిపేరుకా, కొట్టడానికా?”

“తప్పుకోవచ్చు గదా. కళ్ళద్దాలు దేనికి?”

దాచేపల్లిలో టీవీలు, ఫోన్లు బాగుచేసే శరత్ తన ఈడుదే అయిన చిన్నారి ఇంటికి రావడం ఈ నెలలో ఇది మూడోసారి. టీవీకి తగిలించిన గేమ్ పెట్టెకు ఎప్పుడూ ఏమీ కాదు. వెనక వైరు మాత్రం ఊడుతుంది. దానంతట అది ఊడుతోందని అతడు నమ్మలేదు. అడగనూ లేదు. బిగించి, గొడవపడి, టీ తాగి వెళ్ళేవాడు.

ఇవాళ మాత్రం ఒక మాట చెప్పాలని వచ్చాడు.

“రేపు సత్తెనపల్లి పోతన్నాం. పిల్లను చూడటానికి.”

చిన్నారి కిటికీ వైపు తిరిగింది. బయట వాన మొదలైంది. ఎదురింటి రేకుల మీద పేరుకున్న సిమెంటు దుమ్ము చారలు చారలుగా కారుతోంది.

“పోయిరా. గొడుగు తీసుకుపో.”

“అంతేనా?”

“ఇంకేంది? స్వీట్లు కూడా నేనే కొనియ్యాలా?”

వద్దు అనే ఒక్క మాట కోసం వచ్చాడు. అది రాలేదు. శరత్ వైరు బిగించి లేచాడు.

అప్పుడే సిమెంటు ఫ్యాక్టరీలో డ్యూటీ దిగి దేవానందం లోపలికి వచ్చాడు. చిన్నారి తండ్రి. భార్య ఆరోగ్యమ్మ పోయి ఏడాదైంది. అప్పటినుంచి ఆయన నవ్వడం మానేశాడు, మనుషుల్ని నమ్మడం కూడా.

“మొన్నా బాగైందనే అన్నావు. ఆడి చూపియ్యి.”

“ఆన్ అయింది గదా నాన్నా. చాల్లే.”

“నువ్వాగు.”

బౌలింగ్ పెట్టాడు శరత్. రిమోట్ పట్టుకుని చెయ్యి ఊపితే తెర మీద బంతి దొర్లి పది పిన్నుల్ని పడగొట్టే ఆట. ఆరోగ్యమ్మ మంచాన పడ్డ రోజుల్లో దిండుకు ఆనుకుని ఆడేది. శరత్‌ని ఓడించి చిన్నపిల్లలా నవ్వేది. ఆమె పోయాక చిన్నారి అతణ్ణి ఒక్కసారీ ఆడనివ్వలేదు. ఎందుకో అతడికి తెలియదు.

చెయ్యి ఊపాడు. పది పిన్నులూ పడ్డాయి.

తెర మీద వెనక వరసలో చూస్తున్న బొమ్మలు గంతులేశాయి. అవి ఆ ఇంట్లోవాళ్ళు తమ పోలికలతో చేసుకున్నవే. పెద్ద మీసాల దేవానందం. రెండు జడల చిన్నారి. కొప్పుతో ఆరోగ్యమ్మ. ఆమె పక్కన ఒక కుర్రవాడు. గుండ్రటి కళ్ళద్దాలు. చెంప మీద పుట్టుమచ్చ.

శరత్ చెయ్యి తన చెంప మీదికి పోయింది.

దేవానందం తెరనూ అతణ్ణీ మార్చి మార్చి చూశాడు. “ఏమే, వీణ్ణి మీ అమ్మ పక్కన ఎందుకు నిలబెట్టావే?”

చిన్నారి చున్నీ కొస వేలికి చుట్టుకుంది.

“నేను కాదు నాన్నా. అమ్మే చేసింది. చివరి వారంలో. ఈ పిల్లోడు మనింటోడైతే చానా బాగుండు అంది. పుట్టుమచ్చ ఒక్కటే నేను పెట్టా.”

“నాకెందుకు చెప్పలా?”

“చెబితే డిలీట్ చేస్తావని.”

“నాకన్నా చెప్పొచ్చుగా?” అన్నాడు శరత్.

“నువ్వే అడుగుతావని వైరు పీకతానే ఉన్నా గదా!”

దేవానందం చెయ్యి చాచాడు. “ఇటియ్యి.”

ఏడాదిగా ముట్టని రిమోట్ అందుకుని ఊపాడు. బంతి పక్క గాడిలో పడింది. బొమ్మలన్నీ తలలు దించుకున్నాయి, ఆరోగ్యమ్మతో సహా.

“చూడు, ఇప్పటికీ నాదే తప్పంటంది.” మీసం కింద ఆయన పెదవి కొంచెం సాగింది. “ఒరేయ్, సత్తెనపల్లి వాళ్ళకి రావట్లేదని ఫోన్ చెయ్. రేపు మీ అమ్మానాన్నల్ని ఇటు తీసుకురా.”

శరత్ తల ఊపాడు.

“ఇంతకీ ఈ పెట్టె మళ్ళీ చెడిపోద్దా?”

శరత్ చిన్నారి వంక చూశాడు. ఆమె కిటికీలోంచి వాన చూస్తూ నవ్వు ఆపుకుంటోంది.

“చెడిపోదు మామయ్యా.”